కూరగాయల బుట్టలో ఎండాకాలం

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్ళ మాట. హైదరాబాదులో అది ఇంచుమించు నిజమే. శివరాత్రి వెళ్ళి హోలీ వచ్చేసరికి దుప్పట్లు ఉతికి అటక మీదికి చేర్చేస్తాం, మట్టికుండ కిందికి దింపుతాం. ఉగాది నాటికి డాబా మీద ఆరేసిన బట్టలు గంటలో పెళపెళలాడతాయి. మన నగరంలో పగటి వేడి మార్చిలో సగటున 35 డిగ్రీలు, ఏప్రిల్‌లో 38 దరిదాపుల్లో ఉంటుంది. 1966 జూన్ 2న అయితే ఏకంగా 45.5 డిగ్రీలు నమోదయింది.

మనకి ఎండాకాలం వచ్చిన సంగతి ఉక్కపోత చెబుతుంది, కరెంటు బిల్లు చెబుతుంది. మరి పొలంలో నిలబడ్డ పైరుకి? కొట్టంలో కట్టేసిన బర్రెకి? చెరువులో చేపకి? వాటికి ఫ్యానుందా, ఫ్రిజ్జుందా? వాటికి తగిలిన ఎండ నాలుగు రోజులు ఆలస్యంగానైనా మన వంటింటికే వస్తుంది. ధరగా వస్తుంది, రుచిగా వస్తుంది, ఒక్కోసారి చేదుగా కూడా వస్తుంది.

అది చూడ్డానికి ఊళ్ళు తిరగక్కర్లేదు. ముషీరాబాద్ నుంచి నారాయణగూడ దాకా వెళితే చాలు. 2020 ఫిబ్రవరిలో మెట్రో రైలు వచ్చాక ఈ దారి మరీ సులువైంది. ముషీరాబాద్, ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, అంతే, నాలుగు స్టేషన్లు. కాకపోతే ఒక పొద్దున పూట, ఎండెక్కకముందు, చేతిలో రెండు సంచులు పట్టుకుని రండి. రైలెక్కితే ఏమీ కనబడదు, నడుద్దాం.

'ఇక్కడ పొలాలెక్కడున్నాయి?' అంటారేమో. ఇప్పుడు లేవు. పేర్లు మాత్రం మిగిలాయి. బాగ్‌లింగంపల్లిలో 'బాగ్' అంటే తోట. చిక్కడపల్లి పేరు 'చిక్కడ్' అంటే బురద అన్న మాట నుంచి వచ్చిందని పెద్దవాళ్ళు చెబుతారు. నిజాం దగ్గర దివానుగా చేసిన అరస్తూ జాకి ముషీర్-ఉల్-ముల్క్ అన్న బిరుదుండేది. ముషీరాబాద్ ఆయన పేరు మీద వెలిసిన పేట. తోటలు పోయి మేడలొచ్చినా, తోటల్లో పండింది మాత్రం రోజూ తెల్లవారుజామున లారీల్లో, ఆటోల్లో ఈ పేటలకే వస్తోంది.

చెరువు ఎండితే చేపల సందడి

ముందుగా చేపల మార్కెట్టు. కొందరు దీన్ని ముషీరాబాద్ మార్కెట్టంటారు, కొందరు రాంనగర్ మార్కెట్టంటారు. ఆదివారం ఉదయం ఇక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. మృగశిర కార్తె మొదలయ్యే రోజున, అంటే జూన్ మొదటివారం చివర, సగం నగరం ఇక్కడే ఉందా అనిపిస్తుంది. ఆ రోజు చేప తినాలని మన ఆనవాయితీ కదా.

వేసవి మొదట్లో ఇక్కడికి చెరువు చేప ఎక్కువగా వస్తుంది. ఎందుకో తెలుసా? వానాకాలంలో నిండిన చెరువుల్లో చేపపిల్లల్ని వదులుతారు. అవి చలికాలమంతా పెరుగుతాయి. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి నీళ్ళు కొంత పొలాలకి పోతాయి, కొంత ఎండకి ఆవిరవుతాయి. చెరువు అడుగుకి దిగేకొద్దీ వల వెయ్యడం సులువవుతుంది. అందుకే బొచ్చె, రోహు ఈ నెలల్లో గంపలకి గంపలు దిగుతాయి. తెలంగాణ వచ్చాక 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదిలే పథకం పెట్టింది. అప్పటి నుంచి ఎండాకాలపు చేపల పట్టుడు చాలా ఊళ్ళలో పెద్ద పనే అయింది.

ఇదంతా సుఖంగా జరిగిపోదు. చేపకి కూడా ప్రాణవాయువు కావాలి, అది నీళ్ళలో కరిగి ఉండాలి. నీళ్ళు వేడెక్కేకొద్దీ అది తగ్గిపోతుంది. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఉంటే, 35 డిగ్రీల నీళ్ళలో 7 కూడా సరిగ్గా ఉండదు. పైగా రాత్రంతా నాచు కూడా పీల్చుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. చెరువు మీద బతికే వాళ్ళకి ఆ దృశ్యం గుండెల్లో రాయి పడ్డట్టే. ఆ రోజే వల వెయ్యకపోతే మర్నాటికి తెల్లగా తేలతాయి. అలా తొందరపడి పట్టిన చేప మార్కెట్టుకి ఒక్కసారే వచ్చి పడుతుంది. మనకి చవక, వాళ్ళకి అరకూలి.

ఒక్క కొరమీనుకి మాత్రం ఈ దిగులు లేదు. అది నీటి పైకొచ్చి గాలిని నేరుగా పీల్చుకోగలదు, తడి బురదలో కూడా కొన్నాళ్ళు బతుకుతుంది. తొట్లలో బతికున్నవాటిని చూసే ఉంటారు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా దాన్నే ఎంచుకున్నారు. ఎండలకి తట్టుకుని బతికే చేప కనకనే దాని ధర ముందు మనం కాస్త ఆగి ఆలోచించుకోవాల్సి వస్తుంది!

వేసవిలో చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను లోపలికి పీక్కుపోకూడదు. వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోకూడదు. చేప కొన్నాక మిగతా బజారు చెయ్యొద్దు, లేదా చేప చివర్లో కొనండి. ఈ ఎండలో గంట ఆలస్యం కూడా ఎక్కువే.

చిక్కడపల్లిలో చేదు దోసకాయ

క్రాస్ రోడ్స్ దాటి, సినిమా పోస్టర్లు చూసుకుంటూ చిక్కడపల్లి చేరామనుకోండి. కూరగాయల మార్కెట్టులో ముందు ఆకుకూరల దగ్గర ఆగండి. సంక్రాంతికి కట్టలు కట్టలు కొసరు వేసిన కొత్తిమీర ఇప్పుడు సన్నబడి, మధ్యలో తెల్లపూలతో కనిపిస్తుంది. కొత్తిమీరకి చల్లదనం కావాలి. ఎండ తగలగానే ఆకు వెయ్యడం మాని పువ్వు పూసి, గింజ కట్టి, తన వంశం నిలబెట్టుకునే తొందరలో పడుతుంది. పాలకూరదీ అదే తీరు. తోటకూర, గోంగూర మాత్రం ఎండకి జంకవు. వేసవిలో పప్పులోకి వాటినే నమ్ముకోమని మన అమ్మమ్మలు ఊరికే చెప్పలేదు.

దోసకాయ తరిగేటప్పుడు ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూస్తాం కదా, చేదా కాదా అని. ఆ చేదు ఎక్కడిదంటారు? దోస జాతి మొక్కల్లో పురుగుని దూరంగా ఉంచే చేదు పదార్థం సహజంగానే ఉంటుంది. మామూలుగా కాయలోకి పెద్దగా రాదు. నీళ్ళు చాలక, ఎండ మండి, మొక్క కష్టపడితే ఆ చేదు కాయలోకి దిగుతుంది. అంటే మీ నాలిక్కి తగిలింది ఓ రైతు బోరుబావి ఎండిపోయిన వారం అన్నమాట. మరీ చేదుగా ఉన్న దోసకాయనీ సొరకాయనీ మాత్రం మొహమాటపడకుండా పారెయ్యండి. ఉప్పూ కారం వేస్తే పోయే చేదు కాదది, కడుపుకి హాని చేస్తుంది.

టమాటా లెక్క ఇంకా చిత్రంగా ఉంటుంది. మార్చిలో కిలో పది, పదిహేనుకి ఇచ్చి, జూన్, జూలైలో కళ్ళు తిరిగే ధర చెబుతారు. 2023 జూలైలో కిలో వంద దాటి పోవడం మీరు మరిచిపోయి ఉండరు. పగటి వేడి 35 డిగ్రీలు దాటినా, రాత్రి సరిగ్గా చల్లబడకపోయినా టమాటా పువ్వు నిలవదు, కాయ కట్టకుండానే రాలిపోతుంది. పువ్వు నుంచి పండు దాకా నెలన్నర పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రాలిన పువ్వు జూన్, జూలైలో మన బుట్టలో లేని పండు. ఆ రోజుల్లో మనల్ని ఆదుకునేది ఎక్కువగా మదనపల్లె. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉండడంతో అక్కడ ఎండ కాస్త నెమ్మదిస్తుంది, కాయ నిలుస్తుంది. అక్కణ్ణించి ఇక్కడి దాకా లారీ కిరాయి కూడా మన చారులోనే కలుస్తుంది. కాబట్టి మార్చిలో చవగ్గా ఉన్నప్పుడే నాలుగు కిలోలు తెచ్చి, చక్రాలుగా కోసి, ఉప్పు జల్లి డాబా మీద ఎండబెట్టుకోండి. గలగలలాడేలా ఎండిన ఒరుగులు డబ్బాలో పోసి పెట్టుకుంటే జూలైలో పప్పుకి పులుపు లోటుండదు.

రాలిన కాయ ఎవరిది?

ఇహ మామిడి. ఏప్రిల్‌లో ఒక రోజు మార్కెట్టుకి వెళ్ళేసరికి పచ్చిమామిడికాయలు గుట్టలుగా కనిపిస్తాయి. నిన్నటిదాకా కిలో ఉన్న ధర ఇవాళ సగం. బుట్ట ముందు కూర్చున్న అవ్వ పిలుస్తుంది.

"గాలికి రాలినయి బిడ్డా, తీస్కపో. పచ్చడికైతయి, పప్పులకైతయి."

"ఇవి పిందెలేగా అవ్వా, ఇంకో రెండెయ్యి."

"ఇంకేం ఎయ్యాలె బిడ్డా, తోటే రాలిపాయె."

చివరి మాట మనం వినీ విననట్టు సంచి చాపుతాం. కానీ ఆ రోజు చవక అలా పుట్టిందే.

మన తెలంగాణలో వేసవి మొదట్లో వచ్చే గాలివాన సంగతి ఇది. పగలంతా నేల కాగిపోతుంది. బంగాళాఖాతం వైపు నుంచి తేమగాలి వస్తుంది. కింద వేడి, పైన చలి, మధ్యలో తేమ, మూడూ కలిస్తే సాయంత్రం నాలుగూ అయిదింటికి నల్లమబ్బు పుట్టుకొస్తుంది. ఆ మబ్బులో నీటి బొట్లు పైకి విసిరేసినట్టు వెళ్ళి గడ్డకట్టి, కిందికి దిగి, మళ్ళీ పైకెళ్ళి, పొరలు పొరలుగా లావెక్కి, చివరికి వడగళ్ళై పడతాయి. మన పిల్లలు గిన్నెలు పట్టుకుని డాబా ఎక్కి ఏరుకుంటారు. కొంగరకలాన్‌లోనో, వికారాబాద్‌లోనో, కొల్లాపూర్‌లోనో అదే వడగళ్ళు కాయ మీద పడితే, పడినచోట నల్లమచ్చ వేసి అక్కణ్ణించే కుళ్ళు మొదలవుతుంది. చెట్టు మీద మిగిలినా అది పండుగా అమ్ముడుపోదు.

మామిడి రైతుకి ఏడాదికి ఒక్కటే పంట. డిసెంబర్, జనవరిలో పూత, ఫిబ్రవరిలో పిందె, మేలో చేతికి డబ్బు. మధ్యలో ఒక్క సాయంత్రం చాలు. కొత్తపేటలో ఉండే పండ్ల మార్కెట్టు ఇప్పుడు బాటసింగారంలో ఉంది. గాలివాన మర్నాడు అక్కడికి దిగే కాయలో సగానికి సగం చెట్టు నుంచి కోసింది కాదు, నేల మీంచి ఏరింది.

మరి కొనొద్దా అంటే, తప్పకుండా కొనండి. మనం కొనకపోతే ఆ నాలుగు రూపాయలు కూడా వాళ్ళకి రావు. ఇంకో రెండు కాయల కోసం గీసి గీసి బేరమాడకండి, అంతే. అయితే ఏది దేనికి పనికొస్తుందో తెలుసుకుని కొనండి. రాలిన కాయ పప్పుకీ, పులిహోరకీ, అప్పటికప్పుడు నూరే పచ్చడికీ, ఒరుగులకీ బావుంటుంది. ఆవకాయకి మాత్రం వద్దు. దెబ్బ తగిలిన చోట మెత్తబడి, జాడీ మొత్తాన్ని చెడగొడుతుంది. ఆవకాయకి టెంక గట్టిపడ్డ కాయ, చెట్టు నుంచి కోసింది, ముచిక దగ్గర జీడి కారుతున్నది తీసుకోండి. జలాలో, తెల్లగులాబీయో దొరికితే మరీ మంచిది. మేలో వస్తాయి, తొందరేం లేదు.

ఎండుమిర్చి కూడా ఈ రోజుల్లోనే ఏడాదికి సరిపడా కొంటాం. కళ్ళంలో ఆరబోసిన మిర్చి మీద అకాల వాన పడితే ఎరుపు వెలిసి తెల్లబారుతుంది. అవే తాలు కాయలు. ధర తక్కువని వాటిని కారం పట్టించారంటే కూర రంగూ ఉండదు, రుచీ ఉండదు.

అశోక్‌నగర్‌లో పొలం కబుర్లు

చిక్కడపల్లి నుంచి ఇందిరా పార్కు వైపు తిరిగితే అశోక్‌నగర్. నగర కేంద్ర గ్రంథాలయం మెట్ల మీద, చెట్ల కింద, హాస్టళ్ళ వరండాల్లో ఎటు చూసినా పుస్తకాలు పట్టుకున్న పిల్లలే. గ్రూప్ వన్, గ్రూప్ టూ, పోలీసు ఉద్యోగాలు, ఒక్కొక్కరిదీ ఒక్కో పరీక్ష. జిల్లాల నుంచి వచ్చి గదికి నలుగురు చొప్పున ఉంటూ, మెస్సులో తింటూ ఏళ్ళ తరబడి చదువుతారు.

పైరుకీ ఈ పిల్లలకీ ఏమిటి సంబంధం అంటారా? వీళ్ళలో చాలామంది గది అద్దె, మెస్సు బిల్లు, కోచింగు ఫీజు వచ్చేది ఊళ్ళో యాసంగి పంట మీదే. యాసంగి వరి డిసెంబర్, జనవరిలో నాటుతారు, ఏప్రిల్, మేలలో కోస్తారు. సరిగ్గా ఈ ఎండల మొదట్లోనే అది పొట్టకొచ్చి, పాలు పోసుకుని, గట్టిపడుతుంది. అందుకే మార్చి చివర్లో ఆకాశం నల్లబడగానే ఇక్కడి పిల్లలు పుస్తకం మూసి ఇంటికి ఫోను చేస్తారు. "అమ్మా, వడగళ్ళు పడ్డయా?" అని.

2023 మార్చిలో ఆ ఫోన్లు చాలా ఇళ్ళలో మోగాయి. ఉగాదికి ముందు వారంలో వడగళ్ళవాన రాష్ట్రమంతా కొట్టేసింది. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 2 లక్షల 28 వేల ఎకరాల పంట దెబ్బతింది. అందులో సగానికి మించి మొక్కజొన్నే, 72 వేల ఎకరాలకి పైగా వరి, దాదాపు 8,800 ఎకరాలు మామిడి. ఎకరానికి 10,000 రూపాయల సాయం ప్రకటించారు. కోతకొచ్చిన వరిలో వడగళ్ళు పడితే గింజంతా మట్టిలో రాలి గడ్డి మాత్రం నిలబడి ఉంటుంది. కొడవలికి పని ఉండదు.

వడగళ్ళు పడకపోతే మాత్రం ఎండ ఊరుకుంటుందా? వరి పువ్వు మీదున్నప్పుడు మరీ వేడెక్కితే గింజ పట్టదు, తాలుపోతుంది. కోతలప్పుడు నలభై దాటిన ఎండలో గింజ గబగబా ఎండి, లోపల కంటికి కనబడని బీటలు పడతాయి. మిల్లులో పచ్చిబియ్యంగా ఆడిస్తే ఆ బీటల దగ్గర విరిగి నూకైపోతుంది. దీనికి విరుగుడుగానే యాసంగి ధాన్యాన్ని ఉడకబెట్టి, ఆరబెట్టి, ఉప్పుడు బియ్యం చేస్తారు. ఉడికితే బీటలు అతుక్కుంటాయి. ఆ ఉప్పుడు బియ్యాన్ని కొనేదెవరు అన్న దాని మీదే 2021, 2022 సంవత్సరాల్లో మన రాష్ట్ర ప్రభుత్వానికీ కేంద్రానికీ అంత పెద్ద గొడవ జరిగింది. టీవీలో చూసి రాజకీయం అనుకున్నాం కానీ, దాని మూలం ఏప్రిల్ ఎండలో గింజకి పడ్డ బీట.

ఈసారి బియ్యం చెరిగేటప్పుడు నూక ఎక్కువొస్తే కొట్టువాణ్ణి తిట్టుకోకండి. ఉప్మాకీ, జావకీ, ఒడియాలకీ వాడుకోండి. ఎండలెలాగూ ఉన్నాయి, నూక ఒడియాలు రెండు రోజుల్లో ఆరతాయి.

నారాయణగూడ బర్రెల దగ్గర

నారాయణగూడ అనగానే హైదరాబాదు వాళ్ళకి గుర్తొచ్చేది సదర్. దీపావళి వెళ్ళగానే వై.ఎం.సి.ఎ. చౌరస్తాలో యాదవ సోదరులు దున్నపోతుల్ని అలంకరించి ఊరేగిస్తారు. హర్యానా నుంచి తెప్పించిన ముర్రా దున్నల ఒళ్ళు నూనెతో నిగనిగలాడుతుంటే, మెడలో పూలదండలు, కాళ్ళకి గజ్జెలు, వాటి ముందు తీన్‌మార్ డప్పులు. చూసి తీరాల్సిన పండుగ. నగరం మధ్యలో పాడి పెంచి, ఇంటింటికీ పాలు పోసి బతికిన కులానికి అది ఏడాదికొక్కసారి వచ్చే గౌరవం.

కానీ ఆ నిగనిగ వెనకాల ఎండాకాలం గడపడం ఎంత కష్టమో మార్చిలో వచ్చి చూస్తే తెలుస్తుంది. బర్రె నల్లటిది. నలుపు ఎండని పీల్చుకుంటుంది. పైగా ఆవుతో పోలిస్తే బర్రె చర్మానికి చెమట గ్రంథులు తక్కువ, ఒంటి వేడి బయటికి పోయే దారి లేదు. అందుకే అది నీళ్ళు కనిపిస్తే చాలు దిగి కూర్చుంటుంది. చెరువూ కుంటా లేని నగరంలో అది ఎక్కడ దిగాలి? పైపు పెట్టి కడగాలి, గోనెపట్టాలు తడిపి కప్పాలి, రేకుల కప్పు మీద గడ్డి పరచాలి. ఎండాకాలంలో ఆ నీళ్ళకే కటకట. ఇదంతా చూసుకునే కొట్టాల్లో ఆడవాళ్ళ చాకిరీ ఎంతుంటుందో నేను చెప్పక్కర్లేదు.

వేడికి బర్రె మేత తగ్గిస్తుంది. మేత తగ్గితే పాలు తగ్గుతాయి. ఎదకొచ్చిన సంగతి కూడా బయటికి కనబడదు, పశువైద్యులు దాన్ని మూగ ఎద అంటారు. ఆ అదను తప్పితే ఈత ఆలస్యమవుతుంది, అంటే వచ్చే ఏడాది పాలకి కూడా ఈ ఏడాది ఎండే గండికొడుతుంది. అసలే బర్రెలు ఎక్కువగా వానాకాలం చివర, చలికాలం మొదట్లో ఈనతాయి. వేసవికి వట్టిపోయే రోజులు. మీగడ పల్చబడిందని పాలబ్బాయిని అనుమానించే ముందు ఈ లెక్క కూడా ఒకసారి వేసుకోండి.

ఊళ్ళో అయితే ఇంకో ప్రమాదముంది. జొన్న కోసేశాక మోళ్ళ నుంచి లేతపిలకలు వస్తాయి. నీళ్ళు లేక వాడిన ఆ పిలకల్లో విషం పుడుతుంది, దాన్నే నాము అంటారు. పచ్చగడ్డి దొరక్క ఆకలిగా ఉన్న పశువు ఆ పచ్చదనం చూసి నాలుగు పరకలు మేసిందంటే ఉన్నచోటే కూలబడుతుంది. వేసవి మొదట్లో పశువుని జొన్నచేలోకి వదలొద్దని పెద్దలు కాపలా కాసేది అందుకే. పాలమూరు వైపు గొర్రెల కాపరులదీ మేత కోసమే ఆరాటం. మందల్ని తోలుకుని నల్లమల అడవికో, కృష్ణా డెల్టా దాకానో నడుస్తారు. దారిలో చేలల్లో మంద నిలిపితే ఆ పెంటకి రైతు ఇంత గింజో డబ్బో ఇస్తాడు. మన పండుగ మాంసం వెనక ఆ వందల మైళ్ళ నడక ఉంది.

నారాయణగూడలోనే ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. మీ ఇంట్లో కుక్కో పిల్లో నాలుక బయటపెట్టి విపరీతంగా ఒగురుస్తూ, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే అది వడదెబ్బ. నీడకి చేర్చి, మామూలు నీళ్ళతో ఒళ్ళు తడిపి, వెంటనే డాక్టరుకి చూపించాలి. ఐసు నీళ్ళు గుమ్మరించొద్దు.

అన్నట్టు, కోడికీ చెమట పట్టదు. ఎండెక్కితే నోరు తెరిచి ఒగురుస్తుంది. అలా ఒగర్చినప్పుడు దాని నెత్తురులోంచి బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. గుడ్డు పెంకు తయారయ్యేది సున్నమూ, ఆ వాయువూ కలిసే. అందువల్ల ఎండాకాలం గుడ్డు పెంకు పల్చబడుతుంది. సంచిలో గుడ్లు ఊరికే చిట్లిపోతున్నాయంటే తప్పు మీ చేతిది కాదు. హైదరాబాదు చుట్టూ ఉన్న ఫారాల్లో మధ్యాహ్నం పూట రేకుల మీద నీళ్ళు చల్లుతారు, మేత చల్లటి వేళల్లోనే వేస్తారు. అయినా 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకి తెలుగు నేల మీద కోళ్ళు లక్షల్లో చచ్చిపోయాయి. ఆ వడగాడ్పులే రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలకి పైగా మనుషుల్ని కూడా పొట్టన పెట్టుకున్నాయి. వాళ్ళలో ఎండలో కూలికి పోయినవాళ్ళూ, ముసలివాళ్ళే ఎక్కువ.

ముందు ముందు ఏమిటి?

ఎండలు ఎప్పుడూ ఉన్నవే, ఇందులో కొత్తేముంది అనొచ్చు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని తాతల నాడే అన్నారు. అయితే రోహిణి మే చివర్లో వస్తుంది. అప్పటికి యాసంగి కోతలైపోతాయి, మామిడి చేతికొస్తుంది. పంటల లెక్కంతా ఆ పాత ఎండల్ని బట్టి పెద్దలు కట్టుకున్నదే. రోహిణి నాటి వేడి ఉత్తరాభాద్రలోనో, రేవతిలోనో ముందే వస్తే లెక్క తప్పుతుంది. 2022 మార్చి మన దేశం మొత్తం మీద 1901 తరవాత అత్యంత వేడి మార్చి అని వాతావరణ శాఖ తేల్చింది. ఉత్తరాదిన గోధుమ గింజ సన్నబడింది. ఆ ఏప్రిల్‌లోనే మన దగ్గర ఒక్కో నిమ్మకాయ పది రూపాయలు పలికింది. మజ్జిగలోకి నిమ్మకాయ పిండడానికి కూడా వెనకాడాం.

అందుకే వేసవి మొదట్లో వచ్చే నాలుగు మార్పుల్ని గమనిస్తూ ఉండండి. ఇంట్లో చేసుకోగలిగినవి ఇవి.

పాలు తేగానే కాచండి, ఆలస్యం చెయ్యొద్దు. పెరుగుకి తోడు సగం తగ్గించండి, నాలుగు గంటల్లో తోడుకోగానే చల్లటి చోటికి మార్చండి.

ఆకుకూర వేళ్ళు కోసి, తడి బట్టలో చుట్టి ఉంచండి. కడిగి పెట్టొద్దు, కుళ్ళిపోతుంది.

గుడ్లు ఎండలో పెట్టి అమ్మే చోట కొనొద్దు. నీళ్ళలో వేస్తే తేలిన గుడ్డు వాడొద్దు.

బియ్యం కడిగిన నీళ్ళు, కూరల తొక్కలు పారబోసే ముందు మీ వీధిలో ఆవో బర్రో ఉందేమో చూడండి. ప్లాస్టిక్ కవరుతో మాత్రం పెట్టకండి, అది పశువు కడుపులో ఉండిపోతుంది.

బేరం ఆడేటప్పుడు ఒక్క ప్రశ్న అదనంగా అడగండి, "ఏ ఊరి నుంచి వచ్చింది?" అని. చిక్కడపల్లి మార్కెట్టులో ఏ అవ్వనడిగినా చెబుతుంది. అక్కడ వాన పడిందా, బోరు పోస్తోందా, బర్రె ఈనిందా, అన్నీ చెబుతుంది. పది నిమిషాలు పడుతుంది, అంతే. ఆ పది నిమిషాల్లో వచ్చే రెండు నెలల ధరలు మీకు ముందే తెలిసిపోతాయి, పచ్చళ్ళూ ఒరుగులూ ఎప్పుడు పెట్టుకోవాలో కూడా తేలిపోతుంది.

మృగశిర నాటికి మొదటి చినుకు పడితే ముషీరాబాద్ చేపల మార్కెట్టు మళ్ళీ కిటకిటలాడుతుంది. అప్పటిదాకా డాబా మీద, నీడ ఉన్న మూల, వెడల్పాటి మట్టిమూకుడులో పిచ్చికలకీ పావురాలకీ నీళ్ళు పెట్టడం మరిచిపోకండి. రోజూ మార్చండి, దోమలు చేరతాయి.